పాత టేకు సోఫా ఎక్స్చేంజ్‌కి ఇస్తున్నారా? విజయవాడ, గుంటూరు వాళ్లు కాస్త ఆగండి

ఇప్పుడే ఫర్నిచర్ షాపు నుంచి వచ్చి కూర్చున్నాను. ఒళ్లు మండిపోతోంది. అక్షరం అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

షాపు పేరు రాయను. హాలు ప్లాన్ ఫ్రీగా వేసిస్తాం, పాత సోఫాకి మంచి రేటు కట్టిస్తాం అని పొద్దున లేస్తే ఫోన్‌లో కనబడే రీల్స్ వాళ్లే. ఈపాటికి మీకు అర్థమైపోయి ఉంటుంది.

మాది విజయవాడ పటమటలో ఫ్లాట్. హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. మా మామగారు తెనాలిలో ఇల్లు కట్టినప్పుడు దగ్గరుండి చేయించిన టేకు సెట్టు ఉండేది. ముగ్గురు కూర్చునే సోఫా ఒకటి, కుర్చీలు రెండు. సోఫా ఒక గోడకి, కుర్చీలు ఎదురు గోడకి వేశాం. గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్లే ప్రతివాళ్లూ టీవీకి అడ్డంగా నడిచేవాళ్లు. క్రికెట్ వచ్చిన రోజైతే ఇంట్లో ఇదే గొడవ. హాలు మార్చేద్దాం అని వాళ్లకి ఫోన్ చేశాం.

ప్లాన్ వేసే అబ్బాయి వచ్చాడు, టేపు పట్టుకుని కొలిచాడు. నడిచే దారి సీట్ల మధ్యలోంచి కాకుండా పక్కనుంచి పోవాలన్నాడు. ఆ మాట మాత్రం నిజం, కాదనను. అందుకే నమ్మాం. తర్వాత వాస్తు తీశాడు. నైరుతిలో బరువుండాలి మేడం, ఆ మూలకి ఎల్ షేప్ సోఫా వేస్తే వాస్తుకి వాస్తు, అందానికి అందం అన్నాడు. అత్తయ్య అక్కడే పడిపోయారు. చివర్లో మా పాత సోఫా దగ్గర వంగి, కాలు మీద రెండుసార్లు తట్టి, కింద నేల మీది దుమ్ము వేలితో తీసి చూపించాడు. "చెద పట్టింది మేడం. ఇంకో ఏడాది కూడా ఆగదు. పక్కన సామానుకి కూడా ఎక్కుతుంది."

మొత్తం సెట్టుకి 6,000 కట్టారు. కొత్తది 68,000. మిగతా 62,000 ఫోన్‌లోనే కొట్టేశాం. మా వారు "పోనీలే, చెద పట్టిందంటున్నాడుగా" అన్నారు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోయారు.

కొత్త సోఫా సంగతి గబగబా చెప్పేస్తాను. చీటీలో 8 అడుగులు అని రాసి, 9 అడుగులది దింపారు. బాల్కనీ తలుపు సగమే జరుగుతోంది. అదేంటయ్యా అంటే, తొమ్మిదైతే లుక్ వస్తుందని వర్క్‌షాపులో వేశారట! సీటు ఎంత లోతంటే అత్తయ్య వెనక్కి ఆనుకుంటే కాళ్లు నేలకి అందవు. ఎత్తేమో తక్కువ, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపాలి. ఫ్రేము టేకు అన్నారు కదా అని అడుగున నల్లగుడ్డ ఓ మూల విప్పి చూశాం. లోపల ప్యాకింగ్ పెట్టెల చెక్క, దాని మీద ఏదో కంపెనీ స్టెన్సిల్ అక్షరాలు కూడా చెరిపెయ్యలేదు.

సరే, మాట్లాడదామని ఇవాళ మధ్యాహ్నం షాపుకి వెళ్లాను. ఓనర్ భోజనానికి వెళ్లారు, కూర్చోండి అన్నారు. అటూ ఇటూ చూస్తుంటే, అద్దాల పక్కన లైట్ల కింద ఓ టేకు సెట్టు కనిపించింది. కొత్త పాలిష్, మెరూన్ కుషన్లు. మనది కూడా ఇలాగే ఉండేదే అనుకుంటూ దగ్గరికెళ్లాను. సోఫా ఎడమ చేతి లోపలి వైపు, పాలిష్ కింద, 'వి' అని గీత. మా చిన్నాడు నాలుగో తరగతిలో కంపాస్ ముల్లుతో గీసి, వాళ్ల తాతయ్య చేత చీవాట్లు తిన్న గీత. పాలిష్ పట్టినా గాడి పోలేదు.

నేనక్కడ నిలబడిపోయి ఉంటే సేల్స్ కుర్రాడు వచ్చాడు. పాపం, నేనెవరో వాడికి తెలీదు. "బర్మా టేకు మేడం. పాతకాలం సరుకు, ఇప్పుడు ఇలాంటి చెక్క రాదు. చెద అనే మాటే ఉండదు. కూర్చుని చూడండి."

కూర్చున్నాను. ఎంత బాబూ అని అడిగాను. 85,000. మేడం గట్టిగా అడిగితే ఓ ఐదు తగ్గిస్తారట. మా సోఫా మాకే, ఐదు వేలు డిస్కౌంట్ మీద! ఆ ఎల్ షేప్ ఎక్స్చేంజ్‌కి ఇస్తే ఎంత కడతారు అని నోటిదాకా వచ్చింది.

అప్పుడొచ్చారు ఓనరు గారు. చెద పట్టిందన్నారు కదండీ అని అడిగాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. అది నాకు ఇంకా మింగుడు పడటం లేదు. కాస్త తడబడినా, ట్రీట్‌మెంట్ చేయించాం అని ఓ అబద్ధం ఆడినా ఇంత బాధ ఉండేది కాదేమో. పళ్లు కుట్టుకుంటూ అన్నాడు: "మీ ఇంట్లో ఉన్నప్పుడు అది పాత సామానమ్మా. మా షాపులోకొస్తే సరుకు. అంత ప్రేమ ఉన్నవాళ్లు ఎందుకిచ్చారు? నిజానికి మోసినందుకు లేబర్ చార్జీ మేమే అడగాలి."

సోఫాలు చూడ్డానికి వచ్చిన కుటుంబం ఒకటి అక్కడే ఉంది. వాళ్ల ముందే ఈ మాట. సేల్స్ కుర్రాడు తల దించుకున్నాడు. మీరు కట్టిన ఆరు వేలు తిరిగిస్తాను, మా సెట్టు మాకిచ్చేయండి అన్నాను. చీటీ వెనక్కి తిప్పి చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. కొలతలు తప్పు కదా అంటే, "ఎస్టిమేట్ చీటీ అమ్మా అది, బిల్లు కాదు" అన్నాడు. బిల్లు ఏదంటే, అది కావాలంటే జీఎస్టీ 18 శాతం వేరే అని ఆ రోజే చెప్పామన్నాడు. చెప్పారు, నిజమే. ఎందుకండీ ఎక్స్‌ట్రా అని మేమే ఊరుకున్నాం. మిగిలిందిగా బోలెడు!

నాకు అసలు మంట ఏంటంటే, చెక్క విలువ తెలీనిదాన్ని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు సింగ్ నగర్‌లో మా ఆడపడుచు ఇల్లు నీళ్లలో ఉండిపోయింది. పార్టికల్ బోర్డుతో చేసిన టీవీ యూనిట్టు, బీరువా బన్ను రొట్టెలా ఉబ్బి పొరలుగా ఊడిపోయాయి. అదే ఇంట్లో టేకు మంచం కడిగి, నీడన ఆరబెట్టి, వార్నిష్ కొట్టిస్తే ఇవాళ్టికీ దాని మీదే పడుకుంటున్నారు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, నీళ్లకీ చెదకీ తొందరగా లొంగదు. ఆ బురదంతా ఎత్తిపోసిన చేతులతోనే మా టేకు సెట్టుని ట్రాలీ ఎక్కించాను.

ఇంకోటి. విడి కుర్చీలంటే రేపు నచ్చకపోతే అటు జరుపుకుంటాం. సత్యనారాయణ వ్రతానికి ఎత్తి బెడ్‌రూమ్‌లో పెట్టి హాలు ఖాళీ చేసుకుంటాం, సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లకి గోడ వదులుతాం. ఎల్ షేప్ ఏ మూలకి చేయించారో ఆ మూలకే. తిప్పి వేద్దామంటే ఎల్‌లో అడ్డంగా ఉండే భాగం బయటికి పొడుచుకొచ్చి గుమ్మానికి అడ్డం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కుర్చీలు రెండూ బాల్కనీ వైపు జరిపి ఉంటే నడిచే దారి దానంతటదే పక్కకి వచ్చేది. పైసా ఖర్చు లేదు. ఫ్రీ ప్లాన్ వాళ్లు ఇది చెబుతారా?

కొనేవాళ్లకి నాలుగు ముక్కలు, కోపంలో మర్చిపోకముందే. సోఫా కొలతకి పాత న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి, తలుపులు తీసి చూడండి, దారికి మూడడుగులు మిగలాలి. పెద్దవాళ్లని షాపుకి తీసుకెళ్లి కూర్చోబెట్టి లేపి చూడండి. చెద అంటే మీకు తెలిసిన కార్పెంటర్ని పిలిచి చూపించండి, అమ్మేవాడి మాట మీద కాదు. పాత సామాను ఫొటోలు తీసి ఉంచుకోండి. జీఎస్టీ బిల్లు లేకుండా పైసా ఇవ్వొద్దు.

వాపసు తీసుకోబడదు అని వాడు అచ్చేసుకున్నంత మాత్రాన అయిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాయకపోతే, లోపం ఉన్న వస్తువుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని అనడం తప్పుడు వ్యాపారమే. బిల్లు ఇవ్వకపోవడం కూడా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకి అక్కడ ఫీజు లేదు. ఫోన్ పేమెంటు, ఎస్టిమేట్ చీటీ, నల్లగుడ్డ కింద చెక్క ఫొటోలు ఉన్నాయి.

ఈలోగా ఆ సెట్టు అమ్ముడైపోవచ్చు. మీలో ఎవరైనా కొంటే, ఎడమ చేతి లోపల 'వి' అని గీత ఉంటుంది. మిమ్మల్ని తిరిగిమ్మని అడగను. ఎంతకి కొన్నారో చెప్పి, బిల్లు ఇచ్చి ఉంటే దాని ఫొటో ఒకటి పంపండి.