41×41 స్ట్రట్ ఛానల్: బరువు తూచి కొనండి

కేబుల్ ట్రేలు, ఫైర్ లైన్ పైపులు, ఏసీ డక్టులు స్లాబుకు వేలాడదీయాలంటే పెదవులు లోపలికి వంగి ఒకవైపు తెరిచి ఉండే, వీపున పొడవాటి రంధ్రాలున్న 41×41 మి.మీ. ఉక్కు స్లాట్ ఛానల్‌కు మించిన సరుకు లేదు. యాంగిల్ వాడితే కొలత తప్పిన ప్రతిసారీ కోసి వెల్డింగ్ చేయాలి. ఇందులో ఛానల్ లోపల కూర్చునే ఛానల్ నట్ వదులు చేసి జరిపితే పని అయిపోతుంది. 1920లలో అమెరికాలో ఛార్లెస్ ఆట్‌వుడ్ తెచ్చిన యూనిస్ట్రట్ పద్ధతి ఇది.

మోసం ఎక్కువగా మందంలో జరుగుతుంది. బిల్లులో 2.5 మి.మీ. అని రాసి 2 మి.మీ., కొన్నిసార్లు 1.5 మి.మీ. పంపుతారు. చూపుకు తేడా తెలియదు, కాంటా మీద తెలుస్తుంది. మూడు మీటర్ల స్లాట్ ఛానల్ 2.5 మి.మీ. అయితే ఏడు, ఏడున్నర కిలోలు తూగాలి. ఐదు కిలోల దగ్గర ఆగిందంటే అది 1.5 మి.మీ. సరుకే. దించుకోకముందే నాలుగైదు ముక్కలు తూచి, అంచును వెర్నియర్‌తో కొలవండి.

తర్వాత చూడాల్సింది జింకు పూత. ప్రీ జీఐ, అంటే ముందే జింకు పూసిన రేకు మీద Z275 (రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు) అయినా ఒక్కో వైపు 20 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది, ఛానల్ తయారయ్యాక కరిగిన జింకులో ముంచే హాట్ డిప్‌లో 45కు తగ్గకూడదు. హైదరాబాద్‌లో లోపలి పనికి ప్రీ జీఐ చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి చోట ఆరుబయట వాడితే మాత్రం తుప్పు త్వరగా తేలుతుంది, అక్కడ హాట్ డిప్పే తీసుకోండి. కోసిన కొసలకు జింక్ రిచ్ పెయింట్ తప్పనిసరి. చాలా సైట్లలో వదిలేసేది ఇదే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే.

బిగింపులో అసలు చిక్కు స్ప్రింగుతో వచ్చే ఛానల్ నట్, అంటే స్ప్రింగ్ నట్‌ది. లోపల పెట్టి తొంభై డిగ్రీలు తిప్పాక దాని గాడులు ఛానల్ పెదవుల మీద కూర్చోవాలి. వంకరగా ఉండగానే బిగిస్తే ఆ రోజు గట్టిగానే అనిపిస్తుంది, బరువు పడ్డాక జారుతుంది. లోతు తక్కువైన 41×21 ఛానల్‌కు పొట్టి స్ప్రింగ్ నట్ వేరే ఉంటుంది, రెండూ ఒకే డబ్బాలో కలపకండి. నిలువు ఛానల్ మీద బరువు మోయిస్తుంటే నట్ పట్టునే నమ్మకుండా కింద బ్రాకెట్ వేయండి. వేలాడదీసే థ్రెడ్ రాడ్ (పొడవునా మరలున్న కడ్డీ) దగ్గర మామూలు గుండ్రటి వాషర్ స్లాట్ మీద వంగిపోతుంది, 40×40 చదరపు ప్లేట్ వాషర్ కావాలి.

సపోర్టుల మధ్య దూరం పెంచి ఖర్చు తగ్గించబోకండి. బరువు అంతే ఉండి దూరం రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది. దూరం తప్పనప్పుడు రెండు ఛానళ్లు వీపులు కలిపి వెల్డ్ చేసిన 41×82 వాడండి. 41×21 ఒకటి రెండు కాండ్యూట్లకు (వైర్లు వెళ్లే గొట్టాలకు) బాగుంటుంది, నీళ్లు నిండిన పైపులకు వద్దు.