అమ్మేసిన లెన్సు ఎక్కడ గుర్తొస్తుంది: రామప్ప, గండికోట, నేలపట్టు

డీఎస్‌ఎల్‌ఆర్ నుంచి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకి మారేటప్పుడు ముందుగా అమ్ముడుపోయేవి పాత ప్రైమ్ లెన్సులే, అంటే జూమ్ కానివి. 70-200 ఎంఎం జూమ్‌లో 135 ఎంఎం ఎలాగూ ఉందిగా, రెండూ ఎందుకు మోయాలి అన్న లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో రామప్ప గుడి చూపిస్తుంది.

పాలంపేటలో 1213 నాటి ఈ గుడికి నల్లరాతి మదనికలే (నాట్యగత్తెల శిల్పాలే) ప్రాణం. అవి చూరు కింద ముందుకు వాలి ఉంటాయి. దగ్గరగా నిలబడి వైడ్ లెన్సుతో తీస్తే కాళ్లు పెద్దవై తల కుంచించుకుపోతుంది. వెనక్కి జరిగి 135తో తీస్తేనే ఆ నడుము ఒంపు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. రంగమండపం లోపల మసక వెలుతురు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత వెలుతురు వస్తుంది; ఎఫ్/2 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 1600తో పనయ్యే చోట, అదే షట్టర్ వేగానికి ఎఫ్/4 జూమ్ 6400 అడుగుతుంది. ఆ నాయిస్‌లో, అంటే ఫొటో నిండా వచ్చే చుక్కల్లో, రాతి నునుపంతా పోతుంది. ట్రైపాడ్ పెడదామంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి. కెనాన్ 135 ఎఫ్/2 బరువు 750 గ్రాములు, 0.9 మీటరు దాకా ఫోకస్ అవుతుంది. ఈ గుడికి ఇంతకన్నా తగిన లెన్సు లేదు. బసకి రామప్ప చెరువు దగ్గరి హరిత కాటేజీలే మేలు. హన్మకొండలో హోటళ్లు ఎక్కువే, కానీ దాదాపు 70 కిలోమీటర్ల దూరం, పొద్దుటి ఏటవాలు ఎండ దారిలోనే అయిపోతుంది.

గండికోటలో ఈ బాధ లేదు. పెన్నా లోయకి 16-35 ఎఫ్/4 వైడ్ జూమ్ చాలు. అంచున గాలి ఎక్కువ కాబట్టి ట్రైపాడ్ మధ్య కొక్కేనికి బ్యాగు వేలాడదీయాలి. హరిత హోటల్లో గదులు తక్కువ, వారాంతాలకి ముందే బుక్ చేయాలి. టెంట్లు తీసుకుంటే బ్యాటరీ చార్జింగ్‌కి ప్లగ్ ఉందో లేదో అడగండి. జమ్మలమడుగు లాడ్జీలు చౌకే గానీ, చీకట్లోనే బండి మాట్లాడుకోవాలి.

నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూడబాతుల గూళ్లు వాచ్‌టవర్ నుంచి దూరమే. 200 ఎంఎం ఫొటోని క్రాప్ చేస్తే ఈకల వివరం మిగలదు. ఇక్కడ గుర్తొచ్చేది కెనాన్ 400 ఎఫ్/5.6. దాని బరువు 1250 గ్రాములు; 150-600 సిగ్మా కాంటెంపరరీ జూమ్ 1930 గ్రాములు. చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్ లేదని 400ని అమ్మేస్తారు, కానీ ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1600 సెకను పెట్టాక స్టెబిలైజర్ అవసరమేముంది? ఎండెక్కాక మాత్రం ఏ లెన్సూ కాపాడదు: పులికాట్ బురదనేల మీద వేడిగాలి అలలాడి రాజహంసల అంచులు కరిగిపోతాయి. సూళ్లూరుపేటలో బస చేసి తెల్లారేలోపు రోడ్డెక్కాలి.

అమ్మే ముందు, పాత లెన్సుని కొత్త కెమెరాకి తగిలించే అడాప్టర్ సంగతి చూడండి. కెనాన్ ఈఎఫ్ (డీఎస్‌ఎల్‌ఆర్) లెన్సులు అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ (మిర్రర్‌లెస్) బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. అడాప్టర్‌లో గాజు ఉండదు కాబట్టి నాణ్యత తగ్గదు. వాటిని తొందరపడి అమ్మడమే ఎక్కువమంది పశ్చాత్తాపం. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు, అందుకే తమలో మోటారు లేని 180 ఎఫ్/2.8 లాంటి పాత ఏఎఫ్-డి లెన్సులకి ఫోకస్ చేత్తో తిప్పాల్సిందే; అవి అమ్మినా అర్థముంది.

సెకండ్ హ్యాండ్‌లో తిరిగి కొనేటప్పుడు ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్. తీరప్రాంత తేమలో వాడిన లెన్సుల్లో ఇది మామూలే, కోటింగ్ దాకా తినేసి ఉంటే శుభ్రం చేసినా మచ్చ పోదు.