పదిహేడేళ్ల శాంట్రో, లాలాపేట షెడ్డు ఉస్తాదు

2025 అక్టోబరులో ఒక సాయంత్రం సికింద్రాబాద్ ఆలుగడ్డ బావి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మా శాంట్రో కారు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్లిపోయింది. వెనక సీట్లో అత్తమ్మ, పక్కన కూరగాయల సంచి, బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజిన్ ఆపేశాను. ఇద్దరు ఆటో అన్నలు తోస్తే పక్కకు పెట్టాం. రాత్రి భోజనాల దగ్గర మావారు తీర్పు చెప్పేశారు: "ఇక చాలు, అమ్మేద్దాం."

ఈ మాట నేను మూడేళ్లుగా వింటున్నాను. బండి 2008 ఏప్రిల్‌లో కొన్నది. ఏపీ 10 నంబరు, 1,086 సీసీ పెట్రోల్ ఇంజిన్, మీటరు మీద 1,14,000 కిలోమీటర్లు. హ్యుందాయ్ వాళ్లు శాంట్రో జింగ్ తయారీ ఆపేసింది 2014 చివర్లో. అయినా రాణిగంజ్‌లో గానీ, కోఠి పక్కన పుత్లీబౌలిలో గానీ దీని స్పేర్లు దొరకలేదన్న మాట నేనింతవరకు వినలేదు.

ముందు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, గంటన్నర తర్వాత 46,800 రూపాయల ఎస్టిమేటు చేతిలో పెట్టారు. రేడియేటర్, క్లచ్, నాలుగు షాకబ్జర్వర్లు, లోయర్ ఆర్ములు, ఏసీ కండెన్సర్, ఇంజిన్ మౌంటింగులు. ఆ కాగితం వెనకే కొత్త కారు బ్రోచరు పిన్ చేసి ఉంది! పాత కార్లు కొనే ఒక ఆన్‌లైన్ కంపెనీ ఫోన్లో 55 వేలు అన్నది, మనిషి ఇంటికొచ్చి చూశాక 31 వేలకు దిగింది. దాని గురించి అంతకంటే చెప్పడానికేం లేదు.

మూడోది లాలాపేటలోని షెడ్డు. రేకుల కప్పు, లోపల మూడు బండ్లు పడతాయి, నాలుగోది రోడ్డు మీదే. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. చూడటానికి 500 తీసుకుంటాడు, పని అక్కడే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాడు. ఆ 500 నేను ఈ ఏడాది పెట్టిన ఖర్చులన్నిటిలోకీ మంచి ఖర్చు.

ఎస్టిమేటు కాగితం చూపించబోతే తీసుకోలేదు. "ముందు బండి చూస్తా మేడం, తర్వాత కాగితం." ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి ఆయిల్ మూత తీసి వేలితో లోపలి అంచు తుడిచాడు. అక్కడ మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిసినట్టట. లేదు. రేడియేటర్ మూత తీసి బండి స్టార్ట్ చేయించి నీళ్లలో బుడగలు వస్తున్నాయేమో చూశాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో చూసే గేజి పెట్టి, నాతో సెల్ఫ్ కొట్టించాడు. 160, 165, 160, 155. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటమే ముఖ్యమని చెప్పాడు. పొగలో నీలి రంగు ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు, అదీ లేదు.

ఆ తర్వాత నేననుకోని పని చేశాడు. నాలుగు మ్యాట్లూ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో కింద రేకును అంగుళం అంగుళం తట్టుకుంటూ వచ్చాడు. జాకీ పెట్టే చోట్లు వంగి చూశాడు. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ వేయొచ్చు, రేకు తినేస్తే బండి ఉండదు అన్నాడు. వైజాగ్‌లో మా చెల్లెలి వాళ్ల కారు పన్నెండేళ్లకే ఉప్పుగాలికి తలుపుల కింద చిల్లులు పడింది. మనకు సముద్రం లేకపోవడం ఇలా కలిసొస్తుందని అప్పుడే తెలిసింది.

చివరికి తేల్చినది ఇది: "ఇంజిన్ మంచిగుంది. రేడియేటర్ ఖరాబైంది, పైన ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రో మీకే యాదికి లేదు, అది ఇప్పుడే మార్చాలె. షాకబ్జర్వర్లు చప్పుడు చేస్తయ్ గానీ ప్రాణం తియ్యవు." ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే ఆ బెల్టు రబ్బరుది, నడుస్తూ నడుస్తూ తెగితే వాల్వులు వంగే ప్రమాదం ఉంది. 46,800 కాగితంలో దాని ఊసే లేదు! పెట్రోల్ పైపులు కూడా మార్పించాడు. ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, 2008 నాటి రబ్బరు దాని కోసం చేసింది కాదు. క్లచ్ ఇంకో ఏడాది వస్తుందన్నాడు. ఏసీ జోలికి చలికాలంలో ఎందుకని ఆపేశాడు.

మొత్తం 17,600. పాత సామాన్లన్నీ గోనెసంచిలో వేసి డికీలో పెట్టాడు, నేను అడక్కుండానే.

ఇక తిట్టాల్సినవి. గురువారం ఇస్తానన్నది మంగళవారం ఇచ్చాడు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు. నేను మల్కాజిగిరి నుంచి రెండుసార్లు ఆటోలో వెళ్లి చూసొచ్చాను. బిల్లంటే సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిన లెక్క, గ్యారంటీ నోటిమాటే. డ్రైవర్ సీటు మీద గ్రీజు చేతి ముద్ర ఇంకా ఉంది. ఇంటికొచ్చిన మర్నాడే పార్కింగ్‌లో కూలెంట్ మడుగు కట్టింది. షెడ్డులో పనిచేసే కుర్రాడు చోటూ ఒక హోస్ క్లిప్పు సరిగా బిగించలేదు. వెనక్కి తీసుకెళ్తే ఉస్తాద్ డబ్బు తీసుకోలేదు గానీ, నా ముందే ఆ పిల్లాణ్ణి అన్నేసి మాటలంటుంటే నాకే బాగా అనిపించలేదు.

మావారు ఇంకా ఒప్పుకోలేదు. అందుకని డైరీ తీశాను. గత మూడేళ్లలో టైర్లు, బ్యాటరీ, 2023లో పదిహేనేళ్లు నిండినప్పుడు తిరుమలగిరి ఆర్టీఏలో చేయించిన రీ-రిజిస్ట్రేషన్, ఇప్పటి ఈ 17,600 అన్నీ కలిపి 61 వేలు. నెలకు 1,700. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గాక కూడా మాకు నచ్చిన చిన్న కారు లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఆరున్నర లక్షలు దాటుతోంది. అయిదున్నర లక్షలు లోన్ తీసుకుంటే తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్ల పాటు నెలకు 11,400 కిస్తీ. మేము తిరిగేది నెలకు మూడు వందల యాభై కిలోమీటర్లు. ఆఫీసుకి నేను మెట్టుగూడలో మెట్రో ఎక్కుతాను. పైగా అత్తమ్మ మోకాళ్లకు ఈ ఎత్తు సీటే సుఖం. షోరూంలో రెండు కొత్త కార్లు ఎక్కి దిగి, "మీ బండ్లు కూర్చుంటే లేవనియ్యవు" అన్నది.

లెక్కలో ఓడినా మావారి దగ్గర ఒక మాట మిగిలింది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా శాంట్రోలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. 2019 నుంచి కొత్త కార్లలో ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. మన బండి ఆ నిబంధన కంటే పదకొండేళ్లు పెద్దది. ఇందులో ఏ ఉస్తాదూ చేయగలిగింది లేదు. అందుకని ఒప్పందం రాసుకున్నాం: ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఎక్కదు, ఊరు దాటదు, వరంగల్ వెళ్లాలంటే రైలు. ఇంజిన్ గానీ గేర్‌బాక్సు గానీ విప్పాల్సి వస్తే ఆ రోజే ఆపేస్తాం. ఏదీ జరగకపోయినా 2028 ఏప్రిల్ వరకే. అప్పటికి ఇరవై ఏళ్లు దాటుతాయి, 2025 ఆగస్టులో కేంద్రం పెంచిన ఫీజు ప్రకారం రెన్యువల్‌కే పదివేలు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఢిల్లీలో లాగా పదిహేనేళ్లకే బండి పట్టుకుపోతారని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో భయపెడుతుంటారు. ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, మనకు కాదు.

ఆ షెడ్డుకి వెళ్లేవాళ్లు పదకొండు లోపే వెళ్లండి, తర్వాత ఉస్తాద్ స్పేర్ల కోసం రాణిగంజ్ వెళ్లిపోతాడు. శుక్రవారం మధ్యాహ్నం ఉండడు. సీటు మీద పాత దుప్పటి పరిచి మరీ బండి ఇవ్వండి. నేను మార్చిలో ఏసీ కోసం మళ్లీ వెళ్లాలి. దుప్పటి ఇప్పటికే డికీలో పెట్టేశాను.