నెమ్మదిగా నడిచే హరికేన్‌కి హోండా ఈయూ2200ఐ జనరేటర్ ఏ మాత్రం పనికొస్తుంది?

జనరేటర్ మంచిదే, అందులో సందేహం లేదు. కానీ హరికేన్ నెమ్మదిగా కదిలే రకమైతే, అది మీ నెత్తిన ఉన్నంతసేపూ ఇది మూలన కూర్చునే వస్తువే. వానలో నడపకూడదు, గరాజ్‌లో అసలే నడపకూడదు. గాలీ వానా తగ్గాకే దీని పని మొదలవుతుంది. వెయ్యి డాలర్లకు పైన పోసి కొనేముందు ఈ సంగతి ఒంటబట్టించుకోవాలి. ఎందుకంటే చాలామంది జనరేటర్ ఉంది కదా అని ఐసు, బ్యాటరీ, టార్చి లైటు అన్నీ వదిలేస్తారు.

హరికేన్‌కి ఇచ్చే కేటగిరీ నంబరు (1 నుంచి 5 దాకా) గాలి వేగం ఒక్కటే చెబుతుంది, ఎన్ని గంటలు తలుపులేసుకుని కూర్చోవాలో చెప్పదు. 2017లో హార్వీ హరికేన్ టెక్సాస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటి, రోజుల తరబడి ఆ చుట్టుపక్కలే తచ్చాడి, అదే రాష్ట్రంలోని నీడర్లాండ్ ఊళ్ళో 60 అంగుళాలు దాటి వాన కురిపించింది. 2020లో సాలీ అలబామా తీరాన్ని గంటకు సుమారు 3 మైళ్ళ చొప్పున దాటింది. మనిషి నడకే అంతకంటే నయం. అమెరికా ప్రభుత్వ తుఫాను కేంద్రం నేషనల్ హరికేన్ సెంటర్ 6 గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, తీరానికి హెచ్చరికలున్నప్పుడు 3 గంటలకోసారి. అందులో తుఫాను ఎటు, ఎంత వేగంతో కదులుతోందో రాసే వరుస ఒకటి ఉంటుంది. ముందు అది చదవండి. పాతకాలపు మోటు లెక్క ఒకటుంది: 100ని నాట్లలో (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.15 మైళ్ళు) ఉన్న ఆ వేగంతో భాగిస్తే అత్యధిక వాన ఎన్ని అంగుళాలో ఉజ్జాయింపుగా వస్తుంది. 5 నాట్లయితే 20 అంగుళాలు. ఆ వేగం 5కి దిగిందంటే, జనరేటర్ తాడు లాగకుండానే ఒకటిన్నర, రెండు రోజులు నెట్టుకురావడానికి సిద్ధపడాలి.

ఆ రెండు రోజులూ గట్టెక్కించేది చల్లదనం నిల్వ. కిక్కిరిసిన ఫ్రీజర్ తలుపు తీయకపోతే 48 గంటలు ఆగుతుంది, సగం ఖాళీగా ఉంటే 24 గంటలే. ఫ్రిజ్ మాత్రం 4 గంటలే. అందుకే తుఫాను రెండు రోజుల దూరంలో ఉండగానే నీళ్ళ సీసాలను మూత దగ్గర కాస్త ఖాళీ వదిలి గడ్డకట్టించి, ఫ్రీజర్‌లో ఉన్న సందులన్నీ నింపేయాలి. కరెంటు పోగానే వాటిలో నాలుగైదు కింద ఫ్రిజ్‌లోకి మార్చాలి. దీనికి తోడు 1 కిలోవాట్ అవర్ బ్యాటరీ పెట్టె (ప్లగ్గులు తగిలించుకునే పెద్ద చార్జింగ్ బ్యాటరీ) ఒకటుంటే, ఫ్రిజ్‌ని నాలుగు గంటలకోసారి గంటసేపు తగిలిస్తూ దాదాపు రోజు లాగొచ్చు. బడ్జెట్ తక్కువైతే రెండో జనరేటర్ ఆలోచన మాని ఈ పెట్టె కొనుక్కోండి.

ఇక యంత్రం సంగతి. పెట్టె మీద 2,200 వాట్లు అని ఉంటుంది. అది మోటారు స్టార్టయ్యే ఆ కాసేపటికే. నిలకడగా ఇచ్చేది 1,800. ట్యాంకు 0.95 గ్యాలన్. పావు లోడు మీద, అంటే 450 వాట్ల దగ్గర, 8 గంటలు నడుస్తుంది. పూర్తి లోడు మీద 3 గంటల పైచిలుకు, అంతే. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, రూటర్, ఫోన్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు కలిపితే సగటున ఆ 450 లోపే. రోజుకు 12 గంటలు నడిపితే గ్యాలనున్నర పెట్రోలు అవుతుంది. 5 గ్యాలన్ల ఎర్ర డబ్బాలు రెండుంటే ఆరు రోజులు దాటొచ్చు. పెద్ద ఓపెన్ ఫ్రేమ్ (చుట్టూ కప్పు లేని) జనరేటర్లు ఇవే వస్తువులకు దీనికి రెండు మూడింతలు తాగుతాయి. కరెంటు లేకపోతే గ్యాస్ స్టేషన్లలో పంపులూ నడవవు కాబట్టి, నా లెక్కలో దీని అసలు గొప్ప ఈ పొదుపే. శబ్దం తక్కువ అనేది ఆ తర్వాతి మాట.

సెంట్రల్ ఏసీ, వాటర్ హీటర్, బావి పంపు దీనితో నడవవు. అవి ఎక్కువగా 240 వోల్టులవి, ఇది ఇచ్చేది 120. 5,000 బీటీయూ విండో ఏసీ 450-500 వాట్లతో బాగానే నడుస్తుంది. దానికి ఫ్రిజ్ కలిస్తే ట్యాంకు రాత్రంతా రాదు, నడిరాత్రి లేచి నింపాలి. వేడి ఇంజన్ మీద పెట్రోలు పోయకూడదు, ఆపి చల్లారే దాకా ఆగాలి. అంతకంటే పగలు జనరేటర్‌తో బ్యాటరీ పెట్టె నింపుకుని, రాత్రి ఫ్యాన్లకు దాన్నే వాడుకోవడం మేలు. ఒక్క జాగ్రత్త: కొన్ని బ్యాటరీ పెట్టెలు ఫాస్ట్ చార్జింగ్‌లో 1,500 వాట్ల దాకా లాగుతాయి. సెట్టింగ్‌లో 400కి తగ్గించకపోతే ఫ్రిజ్ కంప్రెసర్ లేచేసరికి ఓవర్‌లోడే. అప్పుడు ఎర్ర లైటు వెలుగుతుంది, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు మాత్రం రాదు. ప్లగ్గులన్నీ తీసి, ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి, ఒక్కోటి తగిలించుకుంటూ రావాలి. రైస్ కుక్కర్ పెట్టేటప్పుడు ఏసీ తీసేయండి. పెద్ద మోటారు ఏదైనా తగిలించే ముందు ఎకో థ్రాటిల్ స్విచ్ ఆపండి. ఎకోలో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటుంది, హఠాత్తుగా పడే లోడుకి అందుకోలేక తడబడుతుంది.

"చెడిపోయింది" అని తిరిగిచ్చే వాటిలో చాలావరకు చెడిపోయినవి కావు. కొత్త యంత్రం ఆయిల్ లేకుండా వస్తుంది. 10డబ్ల్యూ-30 ఆయిల్ 0.4 లీటరు పోయకుండా ఎంత లాగినా స్టార్ట్ కాదు, ఆయిల్ తక్కువైతే యంత్రం దానంతటదే ఇంజన్‌ని ఆపేస్తుంది. వాలుగా ఉన్న నేల మీద పెట్టినా ఇదే తంతు. రెండోది ట్యాంకు మూత మీద ఉండే చిన్న గాలి మీట. అది మూసి ఉంటే ఇంజన్ చక్కగా స్టార్టయి, కాసేపు నడిచి, దగ్గి ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్ళీ నడుస్తుంది, అది తెలియక జనం కార్బురేటర్ విప్పడం మొదలుపెడతారు. ముందు మీట చూడండి.

మొదటి ఆయిల్ మార్పు 20 గంటలకే. ఏకబిగిన వాడితే అది రెండో రోజే వచ్చేస్తుంది, కాబట్టి ఆయిల్ సీసాలు రెండు ముందే తెచ్చిపెట్టుకోవాలి. ఆ తర్వాత 100 గంటలకోసారి. ఎయిర్ ఫిల్టర్ 50 గంటలకు శుభ్రం చేయాలి.

ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా కాకుండా బయటికి తిప్పి పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే ఆగిపోయే సెన్సర్ కొత్త మోడళ్ళలో ఉంది. అది ఉంది కదా అని తలుపు సగం ఎత్తిన గరాజ్‌లో పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పడకగదుల దగ్గర బ్యాటరీతో నడిచే అలారం విడిగా ఉండాల్సిందే. వైరు 12 గేజ్, బయట వాడే రకం, 50 అడుగులది తీసుకోండి. సన్నటి వైరు వేడెక్కుతుంది, చివర వోల్టేజీ పడిపోయి కంప్రెసర్ మూలుగుతుంది. రెండు కొసల్లోనూ మగ ప్లగ్గులుండే వైరుతో గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించే పని ఎవరు చెప్పినా చేయొద్దు. ఆ కరెంటు వీధి లైన్‌లోకి వెళ్ళి, స్తంభం మీద పనిచేసేవాణ్ణి చంపేస్తుంది.

బరువు 47 పౌండ్లే, ఒక్కరే మోయొచ్చు. దొంగ కూడా మోయొచ్చు. గొలుసు వేసి చెట్టుకో, స్తంభానికో తాళం పెట్టండి.

సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ స్విచ్‌ని (మూత మీది గాలి మీట కాదు) పెట్రోలు మూసే స్థానానికి తిప్పి, కార్బురేటర్‌లో మిగిలినది అయిపోయే దాకా ఇంజన్ నడపనివ్వాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి అందులో ఉంటే సన్న రంధ్రాల్లో జిగురు పేరుకుంటుంది. జూన్‌లో తీసినప్పుడు స్టార్ట్ కాకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. సెకండ్ హ్యాండ్ కొంటున్నవాళ్ళు సీరియల్ నంబరు తప్పక చూసుకోవాలి. ఇంధనం కారే సమస్యతో ఈ మోడల్‌ని 2019లో రీకాల్ చేశారు. ఆ మరమ్మతు జరిగిందో లేదో తేలకుండా డబ్బు చేతిలో పెట్టకండి.