నగరంలో టోలు రోడ్డు: ఒకే రేటా, వేళను బట్టి రేటా, అసలు కొత్త రోడ్డే వద్దా?

టోలు రోడ్డు తెరిచిన కొత్తలో పక్కనున్న ఉచిత రోడ్డు తేలికపడుతుంది. అది చూసి సమస్య తీరిందనుకోకూడదు. రద్దీకి జడిసి వేళ మార్చుకున్నవాళ్లు, చుట్టుదారి పట్టినవాళ్లు, రైలెక్కినవాళ్లు కొన్ని నెలల్లో మళ్లీ ఆ రోడ్డుకే వచ్చేస్తారు. ఆ తర్వాత మిగిలే లాభమెంత అన్నది టోలు ఎలా వసూలు చేస్తున్నారన్నదాన్ని బట్టే ఉంటుంది.

రోజంతా ఒకే రేటయితే డ్రైవరుకు లెక్క సులువు, అంతే. మధ్యాహ్నం ఉచిత రోడ్డు ఖాళీగా ఉంటే డబ్బు కట్టేవారుండరు. రద్దీ వేళ అదే రేటుకు అందరూ ఎగబడతారు. సిడ్నీలో 2005లో ఇలా ఒకే రేటుతో తెరిచిన క్రాస్ సిటీ టన్నెల్‌లోకి బండ్లను మళ్లించడానికి పై వీధుల్లో లేన్లు తగ్గించారు. జనం మండిపడ్డారు, బండ్లు అంచనాలకు చాలా తక్కువగా వచ్చాయి, మరుసటి ఏడాది చివరికల్లా నిర్వహణ కంపెనీ దివాలా తీసింది.

వేళను బట్టి రేటు మారితే సంగతి వేరు. ఒక లేను గంటకు సుమారు 2,000 బండ్లను పంపగలదు. అంతకు మించి వస్తే బండ్లు ఆగి ఆగి కదులుతాయి, లేను పంపగలిగే సంఖ్య కూడా పడిపోతుంది. ఆ హద్దుకు కాస్త ముందే రద్దీని ఆపడానికే రేటు పెంచుతారు. కాలిఫోర్నియాలో 91వ నంబరు రోడ్డు మధ్యన 1995లో తెరిచిన టోలు లేన్లు ముందే ప్రకటించిన గంటలవారీ పట్టికతో నడుస్తాయి. కానీ పక్కనున్న ఉచిత లేన్లను విస్తరించరాదని ఒప్పందంలో షరతు పెట్టారు. అది వదిలించుకోవడానికి స్థానిక రవాణా సంస్థ 2003లో ఆ లేన్లను కొనుక్కోవాల్సి వచ్చింది. ఏ టోలు ఒప్పందంలోనైనా ముందు వెతకాల్సింది ఈ షరతునే.

అసలు చిక్కు రోడ్డు చివర ఉంటుంది. మూడు లేన్లలో గంటకు 6,000 దాకా వచ్చే బండ్లు రెండు లేన్ల ర్యాంపు దిగి సిగ్నల్ దగ్గర ఆగాయనుకోండి. 120 సెకన్లలో 48 సెకన్లే పచ్చలైటు ఉంటే గంటకు దాటేది 1,500 చిల్లర. మిగతా క్యూ ర్యాంపు మీదుగా మెయిన్ రోడ్డు దాకా పాకుతుంది. పచ్చలైటు పెంచితే అడ్డరోడ్డు మీద బస్సులు ఆగిపోతాయి. దిగే దారులను రెండు మూడు కూడళ్లకు పంచాలి, అదీ డిజైన్ దశలోనే.

కొత్త రోడ్డు లేకుండా, నగరం నడిబొడ్డుకు వచ్చే బండ్లకే రుసుము పెట్టడం మూడో దారి. స్టాక్‌హోమ్‌లో ముందుగా బస్సులు పెంచి, 2006 జనవరి నుంచి జూలై వరకు పరీక్షించారు. నడిబొడ్డు సరిహద్దు దాటే బండ్లు దాదాపు 20 శాతం తగ్గాయి. 2007 ఆగస్టు నుంచి దాన్ని శాశ్వతం చేశారు.

బండ్లలో ఎక్కువ భాగం నడిబొడ్డుకే వెళ్లేవైతే మూడోదే మేలు. ఊరు దాటిపోయేవే ఎక్కువైతే వేళను బట్టి టోలు పెట్టాలి. ఒకే రేటును ఎంచుకోవడానికి ట్రాఫిక్ పరంగా కారణమే లేదు. ఏది ఎంచుకున్నా లారీల విషయం ముందే తేల్చాలి: టోలు తప్పించుకోవడానికి అవి ఇళ్ల మధ్య వీధుల్లో దూరతాయి కాబట్టి, రాత్రి టోలు తగ్గించడమూ ఆ వీధుల్లో లారీలను నిషేధించడమూ ఒకే రోజున అమల్లోకి రావాలి.