టర్కీ గుడ్లు: నాటుకోడి కిందా, ఇంక్యుబేటర్‌లోనా?

కోడిగుడ్డు 21 రోజుల్లో పిల్ల అయితే, టర్కీ గుడ్డుకు 28 రోజులు కావాలి. పొదుగుమీదున్న మంచి నాటుకోడి ఆ అదనపు వారం కూడా ఓపిగ్గా కూర్చుంటుంది. గుడ్లు తిప్పే పనీ దానిదే. కాకపోతే గుడ్డు పెద్దది, ఏడెనిమిదికి మించి పెట్టొద్దు.

ఇంక్యుబేటర్‌లో ఎక్కువ పడతాయి. వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలబడాలి, చిక్కంతా అక్కడే. నల్లగొండ మే ఎండలకు రేకుల షెడ్డు 40 దాటితే, మామూలు మెషిన్ వేడి చేస్తుందే గానీ చల్లబరచలేదు. కరెంటు పోతే ఇంకో టెన్షన్.

గుడ్లు తక్కువుంటే నా ఓటు కోడికే, అదీ చలికాలంలో. అయితే కోళ్ల నుంచి టర్కీలకు బ్లాక్‌హెడ్ అనే, పేగుల్నీ కాలేయాన్నీ దెబ్బతీసే జబ్బు వస్తుంది. అందుకే పిల్లలు లేవగానే వేరుచేసి, మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడిలో ఉంచాలి.