ప్యాడ్ దానంతట అదే మోగుతుంటే: థ్రెషోల్డా, క్రాస్‌టాకా, స్టాండా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే వరంగల్, కరీంనగర్ వైపు ఆక్టోప్యాడ్ (పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు) వాయించే తమ్ముళ్లు అడిగేది ఒకటే: "అన్నా, ఒక ప్యాడ్ కొడితే పక్కది కూడ మోగుతుంది. థ్రెషోల్డ్ పెంచాల్నా, క్రాస్‌టాక్ క్యాన్సిల్ పెంచాల్నా?" ఒక ప్యాడ్ దెబ్బకు పక్కది మోగడమే క్రాస్‌టాక్. ఈ రెండు సెట్టింగులూ అక్కర్లేని మోతను ఆపుతాయి. ఆపుతూ ఆపుతూ మన వాయింపులోంచి ఏం తీసుకుపోతాయన్నదే నాకు అసలు లెక్క.

థ్రెషోల్డ్ ఒక గీత. దాన్ని దాటని దెబ్బ మోగదు. కాస్త పెంచగానే తేడా తెలుస్తుంది కాబట్టి అందరి చేయీ ముందు దాని మీదికే పోతుంది. కానీ పెంచాక తీన్మార్ వాయించి చూడండి. డప్పు మీద చిర్ర పుల్ల పెద్ద దెబ్బ వేస్తుంటే, చిటికెన పుల్ల మధ్య మధ్యలో సన్నగా పలుకుతుంది. ఆక్టోప్యాడ్‌లో డప్పు టోన్ పెట్టుకుని రెండో చేత్తో మనం చేసేది ఆ పనే. థ్రెషోల్డ్ ఎక్కువైతే ముందుగా పోయేవి ఆ సన్నని దెబ్బలే. దరువు మిగులుతుంది, ఊపు పోతుంది.

క్రాస్‌టాక్ క్యాన్సిల్ అలా కాదు. దాదాపు ఒకేసారి రెండు ప్యాడ్ల నుంచి సిగ్నల్ వస్తే గట్టిదాన్ని ఉంచి, బలం తక్కువున్నదాన్ని వదిలేస్తుంది. విడిగా పడిన మెత్తని దెబ్బకు ఢోకా లేదు. రెండు ప్యాడ్లు కలిపి కొట్టేటప్పుడు ఒక చేయి మెత్తగా పడితే మాత్రం అది వినపడకపోవచ్చు. ఆ నష్టం ఓర్చుకోదగ్గదే. ఈ రెండింట్లో నా ఓటు దీనికి.

అయితే ఎవరూ ముట్టుకోకుండానే మోగే ప్యాడ్‌కు ఇది పనిచేయదు, పోల్చుకోవడానికి అక్కడ గట్టి దెబ్బే లేదు కదా. ప్యాడ్ కింది పీజో సెన్సర్‌కు తెలిసింది అదురు ఒక్కటే. అది పుల్ల నుంచి వచ్చిందా, నేల నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. బరాత్‌లో డీసీఎం వ్యాన్ మీద బేస్ బాక్సుల పక్కనే స్టాండు పెడతారు. బండి మొత్తం అదురుతుంటుంది. ఆ అదురుకు కిక్ (బేస్ డ్రమ్ టోన్) మోగుతుంది, ఆ కిక్ బాక్సులోంచి వచ్చి ఇంకో కిక్‌ను లేపుతుంది.

అందుకే సెట్టింగుల జోలికి పోకముందే ఒక పరీక్ష చేయండి. పుల్లలు పక్కన పెట్టి, బేస్ బాగా ఉన్న పాట ఒకటి ఫోన్ నుంచి మిక్సర్‌కు ఇచ్చి, ప్రోగ్రాంలో ఉండేంత సౌండ్ పెట్టండి. ప్యాడ్ మోగిందా, అదురు కింది నుంచి వస్తోంది. తర్వాత బాక్సులు ఆపేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో ప్యాడ్ గట్టిగా కొట్టండి. పక్కది మోగితే అది క్రాస్‌టాక్.

కింది అదురుకు మందు స్టాండు దగ్గరే ఉంది. కాళ్ల కింద మందపాటి ఫోమ్ వేయండి, వదులైన నట్లు బిగించండి. స్టేజీ మీదైతే బాక్సులున్న బల్లల మీద స్టాండు పెట్టకండి. అదనపు ప్యాడ్‌ను అదే స్టాండు రాడ్‌కు బిగించి ఉంటే విడదీయండి, సగం క్రాస్‌టాక్ కూడా దాంతోనే తగ్గొచ్చు. ఇదంతా చేసినా వాయింపులో ఒక్క దెబ్బ కూడా పోదు. నేను ముందు స్టాండు చూడమనేది ఇందుకే.

సెన్సిటివిటీ, అంటే ఎంత దెబ్బకు ఎంత సౌండ్ రావాలన్నది, తగ్గించమనేవాళ్లూ ఉన్నారు. దాంతో మణికట్టు నొప్పి తప్ప వచ్చేదేం లేదు. మాస్క్ టైమ్, అంటే ఒక దెబ్బ తర్వాత ప్యాడ్ ఇంకో దెబ్బను పట్టించుకోని కాసేపు, వేరే జబ్బుకు మందు: ఒకే దెబ్బకు అదే ప్యాడ్ రెండుసార్లు మోగితే వాడాలి. నిమిషానికి 120 బీట్ల టెంపోలో 32వ నోట్ల (బీట్‌కు ఎనిమిది దెబ్బల) మధ్య ఎడం 62.5 మిల్లీసెకన్లు. మాస్క్ అంతకు మించితే ఒకే ప్యాడ్ మీద వేసే రోల్‌లో దెబ్బ విడిచి దెబ్బ పోతుంది.

స్టాండు సరిచేశాక కూడా పక్క ప్యాడ్ మోగుతుంటే, క్రాస్‌టాక్ క్యాన్సిల్‌ను ఒక్కో మెట్టు పెంచి, ఆగిన చోటే ఉంచండి. థ్రెషోల్డ్ చివర్లో. మీ వాయింపులో అన్నింటికన్నా మెత్తని దెబ్బ వేస్తూ పెంచండి, అది మాయమైన చోటి నుంచి రెండు మెట్లు వెనక్కి రండి. అంతవరకు తెచ్చినా బేస్‌కు ప్యాడ్ మోగుతూనే ఉంటే, సౌండ్ అతన్ని పిలిచి బాక్సు జరిపించండి.